మసాజ్ సెంటర్ పెట్టేముందు చూసుకోవాల్సిన కాగితాలు

మసాజ్ చేసే మనిషికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సంటూ మన ఆంధ్రప్రదేశ్‌లో ఏదీ లేదు. డాక్టర్లకీ నర్సులకీ ఉన్నట్టు మనకో కౌన్సిల్ కూడా లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, విజయనగరంలో నా దగ్గరికి సలహాకి వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఇదే. "అక్కా, మసాజ్ లైసెన్సు ఎక్కడిస్తారు?" కొంతమంది అప్పటికే ఎవరికో డబ్బు కట్టేసి, బంగారు అంచు సర్టిఫికెట్ ఒకటి కవర్లో పెట్టుకుని వస్తారు. ‘ప్రభుత్వ గుర్తింపు పొందినది’ అని పైన పెద్దక్షరాల్లో ఉంటుంది. ఏ ప్రభుత్వం, ఏ శాఖ, ఏ నంబరు అని వెతికితే ఏమీ దొరకదు.

అలాగని అడిగేవాడే లేడనుకోకండి. గదికి లైసెన్సు కావాలి. నేర్చుకున్న పనికి సర్టిఫికెట్ ఉంది. వాడే నూనెకి, బోర్డు మీద రాసే మాటకి చట్టాలున్నాయి. ఇవన్నీ వేరువేరు ఆఫీసుల్లో ఉంటాయి కాబట్టి జనం ఏదో ఒకటి తెచ్చుకుని అయిపోయిందనుకుంటారు.

నా సంగతి రెండు ముక్కల్లో. ఆడవాళ్ళకీ బాలింతలకీ పసిపిల్లలకీ మాత్రమే చేస్తాను. మా అమ్మ నెల్లిమర్ల దగ్గర పల్లెలో ఇంటింటికీ వెళ్ళి బాలింతలకి ఒళ్ళు పట్టేది, బిడ్డలకి నూనె రాసి నీళ్ళు పోసేది. పురిటి స్నానం రోజున చీరా బియ్యం ఇచ్చి పంపేవారు. నేను ఊళ్ళో రెండు గదులు అద్దెకు తీసుకుని ఫైలు పట్టుకుని తిరుగుతుంటే ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఓలమ్మా, నూనె రాయడానికి కూడా కాయితాలేటే?"

ముందు మీరు చేసే పని ఏదో తేల్చుకోండి

ఒళ్ళు తేలికపడడానికి, అలసట తీరడానికి చేసే మర్దన ఒకటి. దీన్నే స్పా అంటున్నాం. జబ్బుకి చికిత్సగా చేసేది ఇంకొకటి. అభ్యంగనం, స్వేదనం, వస్తి లాంటివి ఆయుర్వేద వైద్యంలో భాగం. ఫలానా జబ్బుకి ఇవి చెయ్యాలని రాసే మనిషి బీఏఎంఎస్, అంటే ఆయుర్వేద డిగ్రీ చదివి, రిజిస్టరైన డాక్టరై ఉండాలి. భారతీయ వైద్య విధానాల మీద 2020లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం ఈ రిజిస్ట్రేషన్ సంగతి చూస్తుంది. మనం ఆ డాక్టరు కింద పనిచేసే టెక్నీషియన్లం అవుతాం, అంతవరకే. ఫిజియోథెరపీ దారి మళ్ళీ వేరు. దానికి డిగ్రీ కావాలి, 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తుంది.

కాగితం మీద ఈ తేడా తేలిగ్గానే కనిపిస్తుంది. మంచం మీద పడుకున్న మనిషి దగ్గరికొచ్చేసరికే చిక్కు. పలాస నుంచి కూతురింటికి వచ్చిన ఒకావిడ నా దగ్గరికొచ్చింది. ఏళ్ళ తరబడి జీడిపిక్కలు కొట్టే పనిలో కూర్చుని మెడా నడుమూ పట్టేశాయి. "డిస్కు జారిందన్నారమ్మా, కాస్త సర్దీ" అంది. డిస్కు సర్దడం నా పని కాదు, మీ పని కూడా కాదు. స్కాన్ చూసిన డాక్టరు మర్దన చేయించుకోవచ్చని చీటీ రాసిస్తే, నడుము చుట్టూ బిగుసుకున్న కండరాలకి మెల్లగా నూనె పెట్టగలను. అదే చెప్పాను. ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా ఆ హద్దు దాటకండి. కేసు పెట్టే పరిస్థితి వచ్చిందంటే అది ఎప్పుడూ హద్దు దాటిన చోటే వస్తుంది.

పని నేర్చిన కాగితం

చేతిలో పని ఎంత ఉన్నా సర్టిఫికెట్ ఒకటి ఉండాలి. చట్టం బలవంతపెట్టకపోయినా, అప్పిచ్చే బ్యాంకు అడుగుతుంది, గది ఇచ్చే ఓనరు అడుగుతాడు. మనవైపు తెచ్చుకోగలిగినవి ముఖ్యంగా రెండు రకాలు. స్పా థెరపిస్ట్, అసిస్టెంట్ స్పా థెరపిస్ట్ కోర్సులు బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కింద ఉంటాయి. పంచకర్మ, అంటే ఆయుర్వేదంలోని శుద్ధి చికిత్సలు, వాటి టెక్నీషియన్ కోర్సు హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ కింద ఉంటుంది. సర్టిఫికెట్ మీద కౌన్సిల్ పేరు, ఎన్ఎస్‌క్యూఎఫ్ లెవెల్ (దేశమంతటా ఒకటే అయిన నైపుణ్య స్థాయి), క్యూఆర్ కోడ్ ఉన్నాయో లేదో చూడండి. కోడ్ స్కాన్ చేస్తే మీ పేరు రావాలి. ట్రైనింగ్ సెంటర్ వాళ్ళని ఈ మూడు మాటలూ ఫీజు కట్టకముందే అడగండి. నీళ్ళు నమిలారంటే లేచి వచ్చేయండి.

మా అమ్మలాంటి వాళ్ళకి, అంటే పని ఎప్పటినుంచో చేస్తూ చేతిలో కాగితం లేనివాళ్ళకి, ఆర్‌పీఎల్ అని ఒక పద్ధతుంది. మొదటినుంచీ కోర్సు చదవక్కర్లేదు. ఉన్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇది కూడా ఒక భాగం. బ్యాచ్ ఎప్పుడు పెడతారో జిల్లా స్కిల్ డెవలప్‌మెంట్ ఆఫీసులో కనుక్కోవాలి.

సెలూన్లలో తలకీ మెడకీ మాలిష్ చేసే తమ్ముళ్ళకి ఒక మాట. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో మీ క్షౌరవృత్తి కూడా ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15 వేల దాకా, ఆపైన 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష వరకు అప్పు వస్తాయి. మర్దన ఒక్కటే చేసేవాళ్ళకి ఆ పథకంలో చోటు లేదు. ఎందుకు లేదంటే నా దగ్గర జవాబు లేదు గానీ, మంత్రసానుల చేతిపనిని ఎవరూ వృత్తిగా లెక్కేయలేదని మాత్రం నాకు కోపం.

గది, మీటరు, ఆఫీసులు

అద్దె అగ్రిమెంటులో ‘వ్యాపారం నిమిత్తం’ అని రాయించుకోండి. ఏ వ్యాపారమో కూడా రాయించండి. నోటిమాట మీద దిగితే, పక్కింటివాళ్ళు ఒక్కసారి గొణిగారంటే చాలు, ఓనరు ఖాళీ చేయమంటాడు. ఆ అగ్రిమెంటు, ఓనరు ఇంటిపన్ను రసీదు, మీ ఆధార్, ఫొటో పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్తే మున్సిపల్ ట్రేడ్ లైసెన్సుకి దరఖాస్తు పెట్టొచ్చు. విజయనగరమైనా శ్రీకాకుళమైనా కార్పొరేషనే, పద్ధతి ఒకటే. ప్రజారోగ్య విభాగం నుంచి మనిషి వచ్చి గది చూస్తారు. గాలి, నీళ్ళు, మరుగుదొడ్డి, మురుగు ఎటు పోతోందో చూస్తారు. నూనె నీళ్ళు నేరుగా కాలువలోకి వదిలితే మొదట మాట పడేది అక్కడే. లైసెన్సు ఆర్థిక సంవత్సరం లెక్కన నడుస్తుంది, మార్చి 31తో అయిపోతుంది. మార్చి నెలాఖరున కౌంటర్ల దగ్గర జాతరే. ఫిబ్రవరిలోనే రెన్యువల్ చేసుకోండి.

రెండోది కార్మిక శాఖది. 1988 నాటి మన రాష్ట్ర షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం ప్రకారం తెరిచిన 30 రోజుల్లోపు రిజిస్టర్ చేసుకోవాలి. ఆన్‌లైన్లోనే అవుతుంది. పనివాళ్ళుంటే వారానికో సెలవు, జీతాల రిజిస్టరు, హాజరు రిజిస్టరు ఉండాలి. పదిమందికంటే తక్కువ ఉన్నచోట లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి వెళ్తుంది. ఈ సంగతి పనిలో చేరే అమ్మాయికి మొదటి రోజే చెప్పండి. కస్టమరు వల్ల వచ్చిన ఇబ్బందికైనా ఫిర్యాదు చెయ్యొచ్చు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే చేసుకోవచ్చు. మా వీధిలో ఒకాయన దీనికి రెండువేలు తీసుకుంటాడు, పైగా ‘కేంద్ర ప్రభుత్వ లైసెన్సు’ అని చెప్పి లామినేషన్ చేసి ఇస్తాడు. అది లైసెన్సు కాదు, చిన్న వ్యాపారమని గుర్తించే నంబరు. ముద్ర లోన్‌కి వెళ్తే పనికొస్తుంది. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్ళు ముందు పట్టణాల్లో సంఘాల్ని చూసే మెప్మా వాళ్ళని అడగండి, వడ్డీ తేడా తెలుస్తుంది.

కరెంటు మీటరు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇంటి మీటరు మీద వ్యాపారం నడిపితే కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు దొరికిపోతారు. స్టీమ్ పెట్టె, గీజరు వాడే చోట లోడు కూడా సరిచూపించాలి. వాణిజ్య కేటగిరీకి మార్పించుకోండి. బిల్లు పెరుగుతుంది, తప్పదు.

జీఎస్టీ గురించి టెన్షన్ వద్దు. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. దాటినవాళ్ళకి కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి స్పా, సెలూన్ లాంటి సేవల మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. కాకపోతే కొన్న సరుకు మీద కట్టిన పన్నుని వెనక్కి తీసుకోవడానికి ఉండదు.

బోర్డు మీద ఏం రాయకూడదు

నేను బోర్డు చేయించడానికి మూడు లాంతర్ల దగ్గర ఒక ఫ్లెక్సీ షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడి కంప్యూటర్లో మసాజ్ సెంటర్ల నమూనా రెడీగా ఉంది. ఎడమపక్క ధన్వంతరి బొమ్మ, కుడిపక్క ఎవరో విదేశీ అమ్మాయి, మధ్యలో ‘పక్షవాతం, బీపీ, షుగర్, కీళ్ళవాతం, ఊబకాయం – గ్యారంటీగా నివారణ’. పేరూ ఫోన్ నంబరూ మార్చేస్తే చాలంటాడు.

ఆ ఒక్క లైనులో అయిదు జబ్బులున్నాయి. ఆ అయిదూ 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో ఉన్నాయి. షెడ్యూల్లో ఉన్న జబ్బుని ఫలానా మందు నయం చేస్తుందని ప్రకటన ఇవ్వడమే నేరం. మొదటిసారి రుజువైతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మేం మందివ్వట్లేదు, నూనె రాస్తున్నామంతే అంటారు కొందరు. జబ్బు తగ్గిస్తుందని చెప్పి రాసిన నూనె ఆ చట్టం కంటికి మందే. గ్యారంటీ అని రాసి తగ్గకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కి కూడా వెళ్ళొచ్చు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా, కరపత్రం వేసినా, ఆటో వెనక అతికించినా అన్నీ ప్రకటనలే.

నా బోర్డు మీద ఉన్నది ఇది: పేరు, ‘ఆడవారికి, బాలింతలకు, పసిపిల్లలకు నూనె మర్దన’, వేళలు, ఫోను. బొమ్మ లేదు. కుర్రాడికి నచ్చలేదు, "ఇలాగైతే ఎవరొస్తారాంటీ" అన్నాడు. వస్తున్నారు. పేరు ముందు ‘డా.’ పెట్టుకోకండి, వైద్యశాల అని రాయకండి, ఆసుపత్రుల ముందుండే ప్లస్ గుర్తు వెయ్యకండి.

నూనె గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. గానుగ నువ్వులనూనె తెచ్చి వాడుకుంటే ఎవరూ ఏమీ అనరు. అదే నూనెలో వావిలాకో వెల్లుల్లో కాచి, సీసాలో పోసి, ‘నొప్పుల తైలం’ అని లేబులేసి అమ్మితే మాత్రం అది మందుల తయారీ. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి. కంపెనీ సీసా కొన్నప్పుడు లేబుల్ మీద ‘ఆయుర్వేద ఔషధం’ అన్న మాట, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, కంపెనీ చిరునామా చదవండి. మహానారాయణ తైలమైనా క్షీరబలైనా ఇవి లేని సీసా నా గదిలోకి రాదు. డబ్బా ఖాళీ అయ్యాక లేబుల్ చింపి రిజిస్టర్లో అతికిస్తాను. ఎవరికైనా దద్దుర్లొస్తే ఏ బ్యాచ్‌తో చేశామో ఆ పేజీలోనే దొరుకుతుంది.

గది లోపల, రిజిస్టర్లో

స్పా అనగానే జనం మొహాల్లో వచ్చే ఆ వెకిలి నవ్వు మీకు తెలుసు. దాన్ని ఆపడం మన చేతిలో లేదు, అనుమానానికి చోటివ్వకుండా ఉండడం ఉంది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం స్పాలకి నియమాలు పెట్టింది. ఆడవాళ్ళకి ఆడవాళ్ళే, మగవాళ్ళకి మగవాళ్ళే చెయ్యాలి, రెండు విభాగాలు వేరుగా ఉండాలి, లోపలి గదులకి గడియలు ఉండకూడదు, కస్టమరు గుర్తింపు కార్డు చూడాలి, పనివాళ్ళకి 18 ఏళ్ళు నిండి ఉండాలి. అవి ఢిల్లీ కోసం పెట్టినవి, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే అన్న నియమాన్ని అదే ఏడాది అక్కడి హైకోర్టు ఆపింది కూడా. అయినా నేను వాటినే నా సెంటరు పద్ధతిగా రాసి గోడకి పెట్టాను. మా మరిది కొడుకు శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మగవాళ్ళ కోసం పెడతానంటే వాడికీ ఇదే కాగితం ఇచ్చాను.

సీసీ కెమెరా రిసెప్షన్‌లో, గుమ్మం మీద చాలు. మర్దన గదిలో పెడితే మీరే నేరస్థులవుతారు. బట్టలు తీసిన ఆడమనిషిని తనకి తెలియకుండా చూడడం, రికార్డు చెయ్యడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద జైలుశిక్ష పడే నేరం. ఫోన్లు కూడా బయట బుట్టలోనే, మనవీ వాళ్ళవీ. పద్దెనిమిది నిండని పిల్లలకి చేసేటప్పుడు తల్లిగానీ ఇంటి ఆడమనిషిగానీ గదిలో ఉండాల్సిందే.

పోలీసుల గురించి భయపడే బదులు ముందే కలవండి. పనివాళ్ళ ఆధార్ జెరాక్సులు, లైసెన్సు కాపీలు స్టేషన్‌లో ఇచ్చి, తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి. ఎప్పుడైనా వ్యభిచార నిరోధక చట్టం, అంటే 1956 నాటిది, దాని కింద వారెంటు లేకుండా సోదాకి వస్తే, దానికీ పద్ధతుంది. ఆ అధికారం ఉన్న ప్రత్యేక పోలీసు అధికారి ఇన్‌స్పెక్టర్ హోదాకి తగ్గకూడదు. ఆ చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరిని సాక్షులుగా పిలవాలి, వాళ్ళలో ఒకరైనా ఆడమనిషి అయి ఉండాలి. వెంట మహిళా పోలీసులు కనీసం ఇద్దరుండాలి. 2024 జూలై నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సోదాని వీడియో తీయమంటోంది. అడ్డం పడకండి, అరవకండి, ఇవి ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

ఇక రిజిస్టరు. పొడుగు పుస్తకం, అడ్డంగా గీతలు. తేదీ, పేరు, వయసు, ఫోను అయ్యాక అసలు గళ్ళు మొదలవుతాయి. బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా? రక్తం పల్చబడే మాత్ర వేసుకుంటున్నారా? ఈమధ్య ఆపరేషనైందా? కడుపుతో ఉన్నారా, ఎన్నో నెల? ఎక్కడ నొప్పి? ఏ నూనె పెట్టాం, ఎవరు చేశారు, చివర సంతకం. సంతకం రానివాళ్ళ దగ్గర వేలిముద్ర. సిజేరియన్ అయినవాళ్ళకి కుట్లు మానాయని డాక్టరు చెప్పేదాకా పొట్ట ముట్టుకోను. అత్తగారు పక్కన నిలబడి "మా రోజుల్లో మూడోరోజే పట్టేవారు" అంటారు. అననివ్వండి.

ఒక్క కాలి పిక్క వాచి, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉంటే అస్సలు చెయ్యి వేయొద్దు. హైదరాబాద్ నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాళ్ళకీ, కాన్పైన కొత్తలో ఉన్నవాళ్ళకీ అలా వచ్చే ప్రమాదముంది. అది లోపల రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు. రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి పంపండి, పంపినట్టు రిజిస్టర్లో రాయండి. జ్వరం, చర్మం మీద పుండ్లు, కొత్తగా విరిగిన ఎముక ఉన్నా ఇంతే. పసిబిడ్డ ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయమని అమ్మమ్మలు అడుగుతారు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నెమ్ము చేయొచ్చు, వేయకండి.

ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు, దేశం దాటేవాళ్ళు

ఇంటింటికీ వెళ్ళి చేసేవాళ్ళకి షాపు లేదు కాబట్టి ట్రేడ్ లైసెన్సు గొడవ లేదు. అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, సురక్షా బీమా యోజన, బ్యాంకులో కట్టించుకోండి. కొత్త ఇంటికి వెళ్ళేటప్పుడు అడ్రసు మీ ఇంట్లో ఒకరికి పంపి వెళ్ళండి.

మన జిల్లాల నుంచి గల్ఫ్‌కి స్పా ఉద్యోగాలని పిలిచేవాళ్ళు ఎక్కువయ్యారు. ఏజెంటు పేరు కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ సైట్లో ఉండాలి. వాళ్ళు తీసుకోదగ్గ రుసుం 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షలడిగినా, విజిట్ వీసా మీద వెళ్ళమన్నా వద్దనండి.

అమెరికాలో ఉన్న కూతుళ్ళ గురించి అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ రాష్ట్రాన్ని బట్టి రూలు. టెక్సాస్‌లో 500 గంటల శిక్షణ, పరీక్ష, రాష్ట్ర లైసెన్సు అన్నీ కావాలి. న్యూయార్క్‌లో వెయ్యి గంటలు. కాలిఫోర్నియాలో రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి కాదు గానీ, స్వచ్ఛందంగా తీసుకునే సర్టిఫికెట్ ఉంది, ఊరిని బట్టి మున్సిపాలిటీ పర్మిట్లూ ఉంటాయి. ఇక్కడి పంచకర్మ సర్టిఫికెట్ చూపిస్తే అక్కడ లైసెన్సు చేతిలో పెట్టరు. డిపెండెంట్ వీసా మీద ఉన్న అమ్మాయి అయితే ఆ వీసా పని చెయ్యనిస్తుందా అన్నది ముందు చూసుకుని, ఆ తర్వాతే స్కూలు ఫీజు కట్టమనండి.